బొమ్మల చిత్రము - పరదేశ ప్రేక్షకుడు

బొమ్మకు భాష లేదను మాట నేడు మన నగరమున సామెతవలె వినవచ్చుచున్నది. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి యానిమేషన్ స్టూడియోలలో పనిచేయుచున్న మా పూర్వవిద్యార్థులు దీనిని మాకు పలుమాఱులు చెప్పియున్నారు. నటుని ముఖము ఒక దేశమునకు చెందినది. గీచిన ముఖము ఏ దేశమునకును చెందదు. కనుక మాటలు మార్చినచో చాలును, అట్టి చిత్రము ఏ విపణికైనను పోగలదని వారి వాదము. వినుటకిది సమంజసముగనే యున్నది. కాని లోకమున జరిగినదానిని చూచినచో ఇట్లు కనబడదు. ఒక చిత్రము స్వదేశమున ధనరాసులు గడించి, సరిహద్దు దాటగనే చతికిలబడుచున్నది. మఱియొకటి ఎవరును ఊహింపని దూరదేశములందు పసిపిల్లల ప్రీతి నందుచున్నది. బొమ్మకు భాష లేనిచో ఈ భేదమునకు కారణమేమి?

ఈ ప్రశ్న తెలుగు శాఖకు సంబంధించినదా యని మా సహాధ్యాపకులొకరు అడిగిరి. వ్యాపారశాస్త్రజ్ఞులు దీనికి పంపిణీ, ప్రచారము, విడుదల తేది, పోటీ చిత్రములు అను కారణములను చెప్పుదురు. అవి కారణములు కావని మేమనము. కాని ఒక కృతిని ఒక సమాజము ఎట్లు గ్రహించును, మఱియొక సమాజము ఏల గ్రహింపజాలదు అనునది మొదటినుండియు మన శాస్త్రమునకు చెందిన ప్రశ్న. కావ్యపరిశీలనముచేత మనస్సను అద్దము నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పియున్నాడు. అనగా రసము కృతియందు మాత్రమే లేదు. చూచువాడు వెంటదెచ్చుకొను సంస్కారమునందును కలదు. ఈ వ్యాసమున ఆ సంస్కారమును పూర్వపరిచయము అను తేలికమాటతో వ్యవహరింతుము. యానిమేషన్ చిత్రముల పరదేశ జయాపజయములు చాలవఱకు ఈ పూర్వపరిచయము చుట్టును తిరుగుచున్నవని మా అభిప్రాయము.

మొదట ఒక భ్రాంతిని తొలగించుకొనవలసియున్నది. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినపిమ్మట హైటెక్ సిటీ పెరిగినది. దానితోపాటు యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ పనులును పెరిగినవి. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వంటి హైదరాబాదు సంస్థలు ఐరోపా దేశముల సంస్థలతో కలిసి జంగిల్ బుక్ వంటి ధారావాహికలను నిర్మించినవి. అమెరికాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ హైదరాబాదులో ఒక శాఖను నడపినది. 2012లో వచ్చిన లైఫ్ ఆఫ్ పై చిత్రములోని దృశ్యములలో ఇచటివారి చేతిపనియును కలదు. ఆ చిత్రమునకు 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ విభాగమున ఆస్కార్ పురస్కారము వచ్చినది. దానికి కొద్దిదినముల పూర్వమే ఆ సంస్థ దివాలా ప్రకటించినది. ఆ పనివారి నైపుణ్యమును మేము తక్కువగ చూచుట లేదు. కాని పరదేశమునకు పని ఎగుమతి యగుట వేఱు, కథ ఎగుమతి యగుట వేఱు. నేతగాని మగ్గము ఎంత గొప్పదైనను, పంచె అంచుపై ఏ పేరు నేయవలెనో చెప్పినవాడు వేఱొకడు. మన నగరము ఇరువది యేండ్లుగ పరదేశములలో జయము నందుచునే యున్నది. ఆ జయము మన కథది కాదు.

2016లో తెలంగాణ ప్రభుత్వము ఈ పరిశ్రమకొఱకు ఇమేజ్ అను పేర ఒక విధానమును ప్రకటించినది. ఆ ఐదు ఆంగ్లాక్షరములు నవకల్పన, మల్టీమీడియా, యానిమేషన్, గేమింగ్, వినోదము అను ఐదింటికి సంకేతములు. కథకుగాని భాషకుగాని అందొక అక్షరము లేదు. ఇది ఆక్షేపణ కాదు; పరిశ్రమలను చూచు శాఖ పరిశ్రమనే చూచును. అక్షరము లేని చోట అక్షరము పెట్టవలసినవారు మనవంటివారని మాత్రమే మా మనవి.

ఇక కథ ఎగుమతి విషయము. మన తోలుబొమ్మలాటతో ప్రారంభించుట మాకు ఉచితముగ తోచుచున్నది. గీచిన బొమ్మను కదలించి తెఱపై కథ చెప్పుట మనకు నిన్న వచ్చిన విద్య కాదు గదా. తెల్లవాఱులు రామాయణమాడు బొమ్మలాటగాడు దశరథుడెవరో చెప్పడు. చెప్పనక్కఱలేదు. తెఱ ముందు కూర్చున్న ముసలమ్మకు ఆ వృత్తాంతము తనకంటె చక్కగ తెలియునని అతనికి తెలియును. ఆ పూర్వపరిచయము అతనికి పెట్టుబడి. దానివలననే ఒక్క పద్యముతో ఒక కాండను దాటగలడు. రాముని బొమ్మ తెఱపై కనబడగనే సభ యంతయు చేతులు జోడించును. కాని ఆ యాటలోనే కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును కలరు. వీరు రామాయణమునకు చెందినవారు కారు. నడుమ వచ్చి తన్నుకొందురు, పడుదురు, లేతురు, మోటుహాస్యమాడుదురు. రామకథ తెలియని పరదేశి ఒకడు ఆ సభలో కూర్చున్నాడనుకొందము. సీతాపహరణమున అతడు ఆవులించును. కేతిగాడు దెబ్బ తిన్నపుడు మాత్రము అందఱితోపాటు నవ్వును. పురాణవీరుడు పుట్టినయింట రాజు. సరిహద్దు దాటగలవాడు కేతిగాడు. బొమ్మకు భాష లేదను మాట కేతిగానియెడ నిజము, రామునియెడ అబద్ధము.

ఈ దృష్టితో 2025లో వచ్చిన మహావతార్ నరసింహ చిత్రమును చూడుడు. అశ్విన్ కుమార్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము భారతదేశమున యానిమేషన్‌కు మున్నెన్నడును లేని వసూళ్లను సాధించినది. మొత్తము మూడువందల కోట్ల రూపాయలు దాటినదని వ్యాపారపత్రికలు లెక్కగట్టినవి. తెలుగునాట దానికి లభించిన ఆదరము మేము కన్నులార చూచితిమి. మేము వెళ్లిన ఆటలో కొందఱు పాదరక్షలు విడిచి కూర్చుండిరి. అయినను ఆ వసూళ్లలో పరదేశములనుండి వచ్చినది స్వల్పభాగము. అచట దానిని చూచినవారిలోను ప్రవాసభారతీయులే అధికులని తలచుట తప్పు కాదు.

దీనికి కారణము చిత్రము లోపభూయిష్ఠమగుట యని కొందఱు వ్రాసిరి. సాంకేతికముగ అమెరికా చిత్రములతో తులతూగదన్నది నిజమే. కాని మాకు అసలు కారణము వేఱొకచోట కనబడుచున్నది. స్తంభము పగిలి నరసింహుడు వెడలు ఘట్టము పరదేశిని ఆకట్టుకొనకపోదు. నిజమునకు అతనికి అది మనకంటె ఎక్కువ ఆశ్చర్యము గొల్పవలెను, ఏలనన అతనికి రానున్నదేమో తెలియదు. చిక్కు అంతకుముందే కలదు. చిత్రము దితికశ్యపుల సంధ్యాకాలవృత్తాంతముతో ప్రారంభమై, హిరణ్యాక్షుని, వరాహావతారమును దాటి, పిమ్మట ప్రహ్లాదుని కడకు వచ్చును. సంధ్యాసమయమున గర్భము ధరించుట యేల దోషమో, భూమిని ఎత్తిన వరాహము దేవుడెట్లయ్యెనో, వరములో పగలు రాత్రి యను షరతులేలనో మనకు చెప్పకయే తెలియును. భాగవతమును చదువనివాడును ఈ నేలపై దానిని వినియుండును. పరదేశికి ప్రతి అడుగునను ఒక వ్యాఖ్యాత కావలెను. వ్యాఖ్యాత లేని చోట అద్భుతము గందరగోళముగ మారును. ఇంకొక మాట: స్వదేశమున ఆ చిత్రమును నిలిపినది ఏదో పరదేశమున దానిని ఆపినది అదియే. పాదరక్షలు విడిపించిన పూర్వపరిచయము టికెట్టుతోపాటు అమ్ముడుపోవునది కాదు.

ఇది మన దౌర్బల్యమే యని కించపడనక్కఱలేదు. అదే 2025లో వచ్చిన చైనా చిత్రము నేజా 2 ప్రపంచమున అత్యధికముగ గడించిన యానిమేషన్ చిత్రములలో ముందు నిలిచి, రెండువందల కోట్ల డాలర్లు దాటినది. ఆ మొత్తములో బహుస్వల్పము మాత్రమే చైనా వెలుపలనుండి వచ్చినది. సాంకేతికలోపమను సాకు దానికి లేదు. ధనమునకు కొదవ లేదు. అయినను గోడ అదే. చైనీయులకు నేజా పుట్టినది మొదలు తెలిసిన బాలదేవత. అతని తండ్రితోడి వైరము, తామరకాడలతో తిరిగి పుట్టిన దేహము వారి ఇంటి కథలు.

ఇచట తెలుగు పరిశోధకులకు ఆసక్తి గొల్పు విషయమొకటి కలదు. నేజా అను పేరు సంస్కృతమున కుబేరపుత్రుడైన నలకూబరుని పేరునుండి, బౌద్ధగ్రంథముల అనువాదములద్వారా, చైనాభాషలో రూపొందినదని పండితులు నిరూపించియున్నారు. పోతన భాగవతమున మద్దిచెట్లయి నిలిచి బాలకృష్ణునివలన శాపవిముక్తి పొందినవాడును, పింగళి సూరన కళాపూర్ణోదయమున రంభతో కూడి విహరించినవాడును అగు ఆ నలకూబరుడే. మనవాడు వేయేండ్లకు పూర్వము చైనా పోయి, అచట అగ్నిచక్రములపై తిరుగు బాలుడై, లోకమున ఎవ్వరును గడింపనంత గడించి, యానిమేషన్ రూపమున భారతదేశమునకు తిరిగివచ్చినాడు. ఇచట అతనిని పోల్చుకొన్నవారు లేరు. ఈ ఒక్క ఉదాహరణము చాలును: కథకు మూలము ఎచటిదన్నది విపణికి పట్టదు. ఎవరి పిల్లలు దానిని వినుచు పెరిగిరి యన్నదే పట్టును.

మూలమును నమ్ముకొని మోసపోయిన చరిత్ర అమెరికావారికిని కలదు. డిస్నీ సంస్థ చైనా గాథను గ్రహించి 1998లో మూలాన్ చిత్రమును తీసినది. మఱుసటి సంవత్సరము చైనాకు తీసికొనిపోగా వారు దానిని పరాయి మూలాన్ అని పెదవి విఱిచిరి. నూతనసంవత్సరపు సెలవులు గడచినపిమ్మట విడుదల యగుటయు ఒక కారణమే. కాని అదొక్కటే కాదు. పదేండ్లకు, 2008లో, డ్రీమ్‌వర్క్స్ సంస్థ ఏ గాథను ఆధారము చేసికొనక, నూడుల్సు అమ్ముకొను ఒక లావుపాటి పాండాను కల్పించి కుంగ్‌ఫూ పాండా చిత్రమును పంపినది. చైనీయులు విరగబడి చూచిరి. మాకు ఇది వింతగ తోచదు. ఇతరుల కావ్యమును తిరుగవ్రాసి వారికే వినిపించువానికి ప్రతి పాదమునను పరీక్ష కలదు. వారి వస్తుసామగ్రిని మాత్రము తీసికొని స్వతంత్రకల్పన చేసినవానికి పరీక్షకుడు లేడు, ప్రేక్షకుడే కలడు. పైగా ఆ పాండా కేతిగాని గోత్రజుడు: పడును, లేచును, తినును.

దీనికి అపవాదము లేకపోలేదు. జపాను దేశీయుడైన యుగో సాకో మన రామ్ మోహన్, కొయిచి ససాకి అనువారితో కలిసి 1992లో రామాయణమును యానిమేషన్‌గ తీసెను. పరాయివాడు మన మూలమును తాకుటయే. ఆనాడు దీనికి ఆటంకములు కలిగినవి. చిత్రము భారతదేశమున సరియైన విడుదల లేక చిరకాలము టెలివిజన్‌లోనే మిగిలినది. కాని ఆ టెలివిజన్ ప్రసారములను చూచి పెరిగినవారు దానిని మఱువలేదు. 2025 జనవరిలో హిందీ, తమిళ, తెలుగుభాషలలో నూతనముగ శబ్దానువాదము చేసి థియేటర్లలో విడుదల చేసిరి. ఆ అనుసరణమునకు వి. విజయేంద్రప్రసాద్ సహకరించిరి. సాకో మూలమునకు విధేయుడై యుండెను. దానినిబట్టి పరీక్షలో నెగ్గినాడు, ఆలస్యముగనైనను. కాని ఈ చిత్రమును మనము పరదేశ చిత్రము మన విపణిలో గెలిచినదందుమా, మన కథ ఇంటికి వచ్చినదందుమా? మేము రెండవదే యందుము.

ఇక మన నగరమునకు వత్తము. రాజీవ్ చిలక 2001లో హైదరాబాదున స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ ఛోటా భీమ్ అను బాలుని కల్పించినది. 2008లో పోగో ఛానెలులో ప్రారంభమైన ఆ ధారావాహికను చూడని పిల్లవాడు ఈ దేశమున అరుదు. ఢోలక్‌పూర్ అను కల్పితగ్రామము, లడ్డూ తినగనే బలము వచ్చు తొమ్మిదేండ్ల భీముడు, చుట్కీ, రాజు, కాలియా, జగ్గు అను కోతి. పేరు భారతమునుండి వచ్చినది. తిండియు బలమును అచటినుండియే వచ్చినవి. కథ మాత్రము భారతము కాదు. ఇది తెలివిగల పని. బకాసురవధ తెలిసినవాడు భీముని తిండి చూచి మందహాసము చేయును, తెలియనివాడు తిండిపోతు పిల్లవానిని చూచి నవ్వును.

ఆ సంస్థ సినిమాలలో నాయకుని దేశాంతరములకు పంపినది. 2013లో బాలిద్వీపమునకు, 2019లో కుంగ్‌ఫూ ధమాకా చిత్రమున చైనాకు భీముడు పోయెను. నాయకుడు పోయెను గాని చిత్రము పోలేదు. వీనికి ముఖ్యప్రేక్షకులు మన బాలబాలికలే. కథాస్థలమును పరదేశమున పెట్టుటచే పరదేశి ఆకర్షింపబడునని తలచుట నిర్మాతలు తఱచు చేయు పొరపాటు. బాలిలో పుట్టినవానికి బాలి వింత కాదు, మూలాన్ చైనీయునికి వింత కానట్లే. అతనికి వింత ఢోలక్‌పూర్.

అదే 2019 ఏప్రిలులో ఆ సంస్థయే నెట్‌ఫ్లిక్స్‌కొఱకు మైటీ లిటిల్ భీమ్ అను ధారావాహికను చేసినది. ఇందు భీముడు నడక నేర్చుచున్న పసివాడు. మాటలు లేవు. ఒక్కొక్క భాగము కొద్ది నిమిషములు. ఇది రెండు కోట్లకు మించిన ఇండ్లకు చేరినదని ఆ సంస్థ ప్రకటించినది. అందు భారతదేశము వెలుపలి ఇండ్లు చాల కలవు. పెద్ద చిత్రములు దాటలేని గోడను ఈ దిసమొలవాని వంటి పసివాడు పాకి దాటెను.

మాటలు లేకపోవుటయే దీనికి కారణమని అందఱును చెప్పుచున్నారు. మేము దానిని సగమే అంగీకరింతుము. మాటలు లేని బొమ్మల చిత్రములు లోకమున కొల్లలు. అవి యన్నియు గెలువలేదు. ఈ భాగములను మేము శ్రద్ధగ చూచితిమి. ఒక పసివానికి ఒక లడ్డూ కావలెను. అది ఉట్టిమీదనో, అటకమీదనో, పరాయివాని చేతిలోనో ఉన్నది. తల్లి చూడరాదు. ఇంతకుమించి కథ లేదు. కోరిక కంటికి కనబడుచున్నది, అడ్డు కంటికి కనబడుచున్నది. కనుక పూర్వపరిచయముతో పని లేదు. కాని ఇది తెలుగు ఉపాధ్యాయులకు ఏమి జ్ఞప్తికి తెచ్చుచున్నది? వెన్నదొంగ కాడా వీడు? దశమస్కంధమునందలి బాలలీలలు లడ్డూరూపమున మరల జరుగుచున్నవి. బ్రెజిలు దేశపు పసిపిల్లకు వాచ్యార్థము చాలును. మన అమ్మమ్మకు దానివెనుక వ్యంగ్యము వినబడును. రెండును అడ్డుపడకుండ ఒకే తెఱపై నిలిచినవి. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, పరదేశమున గెలిచిన కృతిలో వాచ్యము తనంతట తాను నిండుగ నుండును. ధ్వని స్వదేశికి అదనపు లాభము. ధ్వనినే నమ్ముకొని వాచ్యమును కుంటుపఱచిన కృతి ఇంట గెలుచును, రచ్చకు పోజాలదు.

మఱియొక సంగతి. పరదేశికొఱకు ఈ చిత్రములో స్థానికతను తుడిచివేయలేదు. గుడి, సంత, దీపావళి, హోలీ, గాలిపటముల పండుగ అన్నియు నున్నవి. పండుగలకై ప్రత్యేకభాగములనే చేసిరి. స్థానికత అడ్డు కాదు. వివరింపబడని స్థానికతపై కథ నడచుట అడ్డు. దీపము వెలుగుట ఎవరికైనను కనబడును. దీపము ఏల వెలిగించిరో తెలిసినగాని కథ ముందుకు సాగదన్న యెడల చిక్కు. మియాజకి తీసిన స్పిరిటెడ్ అవే చిత్రమున జపాను దేవతలు వందలకొలది కలరు. 2003లో దానికి ఆస్కార్ వచ్చినది. అందలి బాలిక చిహిరోకు ఆ దేవతలెవరో తెలియదు. ఆమె అడుగును, భయపడును, నేర్చుకొనును. ఆమె వెంట మనమును నేర్చుకొందుము. తెలియనివానిని కథలోనే నిలుపుట యను ఈ ఉపాయము మన పౌరాణికచిత్రనిర్మాతలకు ఏల తట్టలేదో మాకు తెలియదు. జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు చెప్పుట, పరీక్షిత్తు అడుగగా శుకుడు చెప్పుట మన పురాణముల మొదటి ఏర్పాటే గదా.

ఎదురుదిక్కున చూతము: పరదేశ చిత్రములు మనకడ ఎట్లు గెలుచుచున్నవి? పిక్సార్‌వారి ఇన్‌సైడ్ అవుట్ చిత్రమున పసిబిడ్డ అసహ్యించుకొను కూర అమెరికాలో బ్రోకలీ. జపానులో పిల్లలు బ్రోకలీని ఇష్టముగనే తిందురు గనుక అచటి ప్రతిలో క్యాప్సికమ్‌గ మార్చిరి. తెలుగు ప్రతి ప్రత్యేకముగ గీయవలసివచ్చిన యెడల కాకరకాయ తప్ప వేఱు గతి లేదు. జుటోపియాలో వార్తలు చదువు జంతువు చైనాలో పాండా, ఆస్ట్రేలియాలో కొయాలా, బ్రెజిలులో జాగ్వార్. ఇవి ముచ్చటైన మార్పులు. జయాపజయములను నిర్ణయించునవి కావు. మనకడ నిర్ణయించునది గొంతు. 2019లో లయన్ కింగ్ తెలుగు ప్రతిలో పుంబాకు బ్రహ్మానందము, టిమోన్‌కు ఆలీ గొంతులిచ్చిరి. ఆ యిద్దఱి గొంతులు వినగనే తెలుగు సభకు ఇరువదియేండ్ల హాస్యచిత్రములు జ్ఞప్తికి వచ్చినవి. ఆఫ్రికా అడవిలోని పంది క్షణములో మన కేతిగాడయ్యెను. 2024లో ముఫాసాకు మహేశ్ బాబు గొంతిచ్చుటలోని మర్మము ఇదియే. పరాయి చిత్రమునకు లేని పూర్వపరిచయమును గొంతుద్వారా అరువు తెచ్చుచున్నారు. మన చిత్రములను పంపునపుడు ఇట్టి అరువు మనమెచటను తెచ్చుకొన్న జాడ లేదు.

మా సిద్ధాంతమునకు గట్టి ప్రతికూలోదాహరణమొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన జపాను చిత్రము డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాసిల్ తెలుగులోను విడుదలయ్యెను. పూర్వకథ తెలియనివానికి అందొక్క దృశ్యము బోధపడదు. అట్లయ్యును లోకమంతట గెలిచినది. తెల్లవాఱుజామున ఆటలకు మా విద్యార్థులు పోయిరి. మేమును ఒక మధ్యాహ్నపు ఆటకు పోయి, ఏమియు బోధపడక, ప్రక్క కుర్చీలోని ఇంజనీరింగు విద్యార్థిని అడిగితిమి. అతడు ఓర్పుతో ప్రతి రాక్షసుని వంశచరిత్రయు చెప్పినాడు. అతనికి ఆ పురాణము కంఠస్థము. తోలుబొమ్మలాట ముందు కూర్చున్న ముసలమ్మ స్థానమున అతడున్నాడు, పరదేశిస్థానమున మేముంటిమి.

కావున మా మాటను సవరించుకొనవలసినదే. పూర్వపరిచయము పుట్టుకతో రానక్కఱలేదు, పెంచినచో పెరుగును. జపానువారు చిత్రకథాపుస్తకములు, టెలివిజన్ ధారావాహికలు, ఫోనులో చూచు భాగములు మొదలగువానితో పరదేశ బాలురకు ఏండ్ల తరబడి తమ పురాణమును నేర్పి, ఆపిమ్మట సినిమా పంపిరి. మనము సినిమాతో ప్రారంభింతుము. ఒక్క బాహుబలి విషయమున మాత్రము మనకడ ఇట్టి క్రమము కనబడుచున్నది: సజీవనటులతో తీసిన చిత్రములు జపాను మొదలగు దేశములందు అభిమానులను సంపాదించినవి, పిమ్మట 2024లో బాహుబలి క్రౌన్ ఆఫ్ బ్లడ్ అను యానిమేషన్ ధారావాహిక వచ్చినది, ఎటర్నల్ వార్ అను యానిమేషన్ చిత్రము 2025లో ప్రకటింపబడినది. దాని ఫలితము మా వాదమునకు మంచి పరీక్ష కాగలదు.

తుదకు మా శాఖకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్న విషయమునకు వత్తము. హైదరాబాదులో పుట్టిన భీముడు మొదట హిందీలో మాటలాడెను. తెలుగు అతనికి అనువాదభాష. లోకమును గెలిచిన పసిభీముడు ఏ భాషయు పలుకడు. అనగా మన నగరపు గొప్ప ఎగుమతికి ముందు షరతు మౌనము. ఇది శిల్పదృష్ట్యా సరియైన నిర్ణయమని పైన మేమే చెప్పితిమి. తెలుగు బోధించి జీవించువారము గనుక దానిని సంతోషముతో మాత్రము చెప్పలేకున్నాము. 2006లో వచ్చిన కిట్టు అను తెలుగు యానిమేషన్ చిత్రము జాతీయపురస్కారమును పొందినది. నేడు మా తరగతులలో దాని పేరు విన్నవారు లేరు.

ఈ రంగమున తెలుగు సజీవముగ నున్న చోటు శబ్దానువాదము ఒక్కటే. దానిని మన పరిశోధకులు అనువాదసాహిత్యముగ గుర్తింపలేదు. మా పూర్వవిద్యార్థి యొకడు మాదాపూరులో ఈ పనిచేయుచున్నాడు. అతడు తెచ్చి చూపిన కాగితములు మాకు ఆశ్చర్యము కలిగించినవి. ఆంగ్లవాక్యము హల్లుతో ముగిసి పెదవులు మూతపడును. తెలుగు అజంతభాష గనుక వాక్యాంతమున నోరు తెఱచియుండును. మూతపడవలసిన చోట ప, బ, మ లలో ఒక ఓష్ఠ్యము పడునట్లు మాటను వెదకవలెను. వెదకిన మాట పసిపిల్లకు తెలిసినదై యుండవలెను. పాత్ర నోరు కదలు కాలముకంటె దీర్ఘము కారాదు. గణయతిప్రాసలకు లోబడి వ్రాసిన మన కవులకు ఈ నిర్బంధము కొత్త కాదు. కాని ఈ అనువాదకుల పేరు తెఱపై కానరాదు, ఆ కాగితములు పని ముగియగనే చెత్తబుట్టకు పోవును. ఈ సంవత్సరము మా పరిశోధకవిద్యార్థులలో ఒకరిని అట్టి ప్రతులను సేకరించు పనికి నియోగించితిమి. మొదట చేరిన కట్టలో, ఒక పులిపిల్ల తల్లిని పిలుచు దృశ్యమున, ఆంగ్లపు మామ్‌కు ఎదురుగ అతడు మూడు మాటలు వ్రాసి రెండింటిని కొట్టివేసెను. అమ్మా యన్నది మిగిలినది. ప్రక్కన పెన్సిలుతో పెదవి సరిపోయినది, నిడివి చాలలేదు, పిల్ల ఇంకొకమాఱు పిలువవచ్చునా అని దర్శకునికి ప్రశ్న కలదు. దానికి సమాధానము ఆ కాగితముపై లేదు.